ఏడ్పు ఫోటో

వకీలు నర్సింగరావు కొడుక్కి ఎనిమిదో నెల నడుస్తుండగా నవ్వడం నేర్పే పని మొదలైంది.

పెరట్లో జామచెట్టు పక్కన ఎండ తగలని చోటు చూసి, దివాన్‌ఖానాలో ఉండాల్సిన మఖ్మలు కుర్చీ తెప్పించి వేశారు. అందులో పిల్లవాణ్ణి కూర్చోబెట్టి, ఒరగకుండా రెండు పక్కలా దిండ్లు ఇరికించి, దొర్సాని అమృతమ్మ ఎదురుగా నిలబడి చప్పట్లు కొడుతున్నది.

“నవ్వు నాయినా, నవ్వు! ఫోటో సాయిబు వచ్చిండనుకో. ఎట్ల నవ్వుతవు? ఏదీ?”

పిల్లవాడు తల్లి నోటివంక ఒకసారి, చేతులవంక ఒకసారి చూశాడు. మొదటిసారి బోనెక్కిన సాక్షిలాగా బిత్తరపోయి చూశాడు. కాసేపటికి ఆ సంగతే మరిచిపోయి, కుర్చీ చేతికున్న మఖ్మలు నాకడం మొదలుపెట్టాడు.

“ఛీ ఛీ! నవ్వుమంటే నాకుతడేంది వీడు!”

బావి గట్టు మీద జానమ్మ రెండో చేద నీళ్ళు నెత్తిన గుమ్మరించుకున్నది. శివరాత్రి ఇంకా రాలేదు, చలి పోలేదు. ఈ ఇంట్లో పాలిచ్చే ముందు ప్రతిసారీ ఆమె నెత్తిన నీళ్ళు పోసుకోవాలి. గొల్లవాడ నుంచి కట్టుకొచ్చిన చీర గోడ మీద పడేసి, వాళ్ళు ఉంచిన చీర చుట్టుకోవాలి. వంటింటి గడప దాటగూడదు, నీళ్ళ కాగు అంటగూడదు. రోజుకు నాలుగుసార్లు పాలు, నాలుగుసార్లు నీళ్ళు. ఆమె రొమ్ములు తప్ప ఆమెకు సంబంధించిందేదీ ఆ ఇంటికి శుభ్రం కాదు. దొర్సానికి పాలు పడలేదని బయటి మాట. పడక కాదు, పట్టబుద్ధి కాక అని పనివాళ్ళ మాట.

జానమ్మ తడిజుట్టు ముడేసుకొని వచ్చి చెట్టు మొదట్లో కూర్చుంది. పిల్లవాణ్ణి ఒళ్ళోకి తీసుకుంటూ నాలుక అంగిట్లో కొట్టి “ట్టట్టట్ట” అన్నది. గొర్రెపిల్లల్ని దగ్గరికి పిలిచే చప్పుడు అది. పిల్లవాడు బోసినోరంతా తెరిచి కిలకిలా నవ్వాడు.

“గదీ! గదే గావాలె!” అమృతమ్మ ముందుకు ఉరికింది. “ఏం జేసినవే? మళ్ళ చెయ్యి.”

చేసింది. మళ్ళీ నవ్వాడు.

“నాకు నేర్పు. ఫోటో కాడ నువ్వు ఎదురుంగ నిలబడితే ఏం బాగుంటది, నేనుండాలె గాని.”

అట్లా ఆ పొద్దంతా వకీలుగారి భార్య గొర్రెపిల్లల్ని పిలవడం నేర్చుకున్నది. నాలుక అంగిటికి అంటించింది, లాగింది. తుంపర్లు వచ్చాయి గాని చప్పుడు రాలేదు. పట్టుకొంగుతో మూతి తుడుచుకొని మళ్ళీ మొదలుపెట్టింది. “ఇంక జర లోపలికి దొర్సానీ, ఇంక జర” అంటూ జానమ్మ తల వంచుకొని పిల్లవాడి వెంట్రుకలు సర్దుతూ కూర్చుంది, తన ముఖం దొర్సానికి కనబడకుండా.

తహసీల్దారుగారి మనవరాలి బొమ్మ ఏదో సబ్బు క్యాలెండరు మీద అచ్చయిందట. అది చూసి వచ్చిన నాటినుంచి అమృతమ్మకు ఈ పట్టు పట్టుకున్నది. వకీలు ఎక్కడెక్కడో ఉత్తరాలు రాశాడు. చివరికి పట్నంలో పసిపిల్లల అరకు మందు తయారుచేసే మల్లప్ప అనే ఆయన వస్తానని జవాబిచ్చాడు. ఆయనది మక్తల్. అరకు పేరు శిశుమోహనం.

మర్నాడు మధ్యాహ్నం మోటారు దిగి మల్లప్ప రానే వచ్చాడు. నల్లకోటు, చంకలో తోలుసంచి. పిల్లవాడి గదుమ పట్టుకొని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. బుగ్గ నొక్కి చూశాడు. సంతలో కోడెను చూసే మనుషులు కూడా అంత మొగమాటం లేకుండా చూడరు. కాని అమృతమ్మ ముఖం వెలిగిపోయింది.

“బేషుగ్గున్నడు,” అన్నాడు మల్లప్ప. “రెండు బొమ్మలు గావాలె వకీల్ సాబ్. సీసా మీద ఎడమదిక్కు ఏడ్చే పిల్ల, కుడిదిక్కు నవ్వే పిల్ల. నడిమిట్ల మా అరకు. చదువు రానోళ్ళకు సుత చూడంగనే సమజైతది.”

“మా వాడిది నవ్వే బొమ్మనే గద?” వకీలు నిక్కచ్చిగా అడిగాడు, దస్తావేజులో షరతు రాయించుకుంటున్నట్టు.

“బేషక్. అండ్ల సందేహమే లేదు. ఇగ ఏడ్చే పిల్లను పట్నంకెల్లి తేవాలంటె ఇబ్బంది. గీడ్నే ఎవలన్న బక్కపిల్ల దొరికితే...”

అమృతమ్మ తిరిగి చూసింది. జానమ్మ వసారా మూలన గోడకానుకొని పిల్లవాడికి రొమ్మిచ్చి కూర్చొని ఉంది.

“జానమ్మా, నీ పిల్లకెన్ని నెలలే?”

“పది దొర్సాని.”

“గది ఎప్పటికి ఏడ్చుడే గద?”

ఆకలైతే ఏడుస్తుంది, ఇంకేం చేస్తుంది అని జానమ్మ అనలేదు. “ఏడుస్తది” అన్నది.

“అయితే గదే సరిపోతది,” అన్నది అమృతమ్మ మల్లప్పతో. “సన్నగ పుల్లలెక్కుంటది. దాని పక్కన మా బాబు ఇంక మంచిగ కనబడతడు.”

వకీలు కాగితం తీసి, తాను రాసిన యోగ్యతాపత్రం పైకి చదివాడు. తమ చిరంజీవి పుట్టింది మొదలు కడుపునొప్పితో రాత్రింబగళ్ళు ఏడ్చేవాడనీ, ఎందరు వైద్యులకు చూపించినా గుణం కనిపించలేదనీ, శిశుమోహనం మూడు సీసాలు వాడగా దినదినప్రవర్ధమానమై సదా నవ్వుతూ కేరింతలు కొడుతున్నాడనీ. కింద తన పేరు, హోదా, ఊరు. ఆ మూడు సీసాలు ఆయన ముందే బల్ల మీద ఉన్నాయి. మల్లప్ప అప్పుడే సంచిలోంచి తీసి పెట్టాడు. వాటి మూతులకు వేసిన లక్క ఇంకా ఊడలేదు.

చదువుతున్నంతసేపూ దినదినప్రవర్ధమానమైన ఆ చిరంజీవి గుటకలు వేస్తూ జానమ్మ పాలు తాగుతున్నాడు.

మల్లప్ప నాలుగోనాడు ఫోటో సాయిబును వెంటబెట్టుకొస్తానని చెప్పి వెళ్ళాడు. అతను గడప దాటాడో లేదో అమృతమ్మ జానమ్మ ముందుకొచ్చి నిలబడింది.

“గీ మూడొద్దులు నువ్వు ఇంటికి పోవద్దు. గీడనే కొట్టంల పండు. రెండు దిక్కుల బాబే తాగాలె, బుగ్గలింక జర నిండాలె.”

“నా పిల్ల, దొర్సాని?”

“మీ అత్తుంది గద. గంజి తాపుతది. గీ మూడొద్దులకు ఏమైతది?” అని, జానమ్మ కదలకపోవడం చూసి, “కట్టంగూరు కాడ మా మేత కంచెలనే గద మీ మంద మేస్తాంది,” అన్నది. అది బెదిరింపులా కాదు, జ్ఞాపకం చేస్తున్నట్టు అన్నది. జానమ్మ పెనిమిటి గుర్వయ్య మందతో అక్కడికి పోయి నెల దాటింది.

జానమ్మ కొట్టంలోనే పడుకుంది.

నాలుగోనాడు తెల్లవారగానే గుమాస్తా కిష్టయ్యను తోడిచ్చి పిల్లను తీసుకురమ్మన్నారు. గొల్లవాడ ఊరి చివర పానగల్లు బాట మీద ఉంటుంది. జానమ్మ పరుగులాంటి నడకతో వెళ్ళేసరికి ఫోటో కబురు ముందే విన్న అత్త బిక్షమ్మ గుడిసె ముందు బండ మీద కూర్చొని చంటిబిడ్డ సైదమ్మకు తల దువ్వుతున్నది. నాలుగు వెంట్రుకలకు గిద్దెడు నూనె పెట్టినట్టుంది, నుదుటి మీదికి కారుతున్నది. కండ్లకు కాటుక, బుగ్గన చుక్క. దేశాల లడాయి పుణ్యమా అని బట్ట దొరకని రోజులు. బిక్షమ్మ తన పెండ్లినాటి ఎర్ర రైక కోసి, చేత్తో కుట్టి పిల్లకు అంగీ వేసింది. కాళ్ళకు ఎవరింట్లోనో అడిగి తెచ్చిన మువ్వలు.

“ఎట్లుందే నీ బిడ్డ?” అన్నది ముసలమ్మ. “వాడకట్టంత చూసిపోయిన్రు. మన సైదమ్మ బొమ్మ దేశమంత తిరుగుతదట గద? మా అన్నకొడుకు బెజవాడల ఉన్నడు, ఆడ సుత కనబడతదా?”

ఏ బొమ్మో, ఎందుకో జానమ్మకు చెప్పబుద్ధి కాలేదు.

“కనబడతదత్తా.”

సైదమ్మ తల్లిని చూసి చేతులు చాచింది. ఎత్తుకోగానే ముఖం రొమ్ముకేసి రుద్దింది. మూడు రోజుల్లో పిల్ల కోడిపిల్లంత తేలికైంది. జానమ్మ అక్కడే కూలబడి రైక ముడి విప్పబోయింది.

“పొద్దెక్కుతాంది, నడువు నడువు,” అన్నాడు కిష్టయ్య. “ఫోటో సాయిబు దిగిండు. బాబుకు తాపకుండ నీ పిల్లకు తాపినవని తెలిస్తే నా చెవులు మెలిపెడతరు.”

జానమ్మ లేచింది. దారంతా సైదమ్మ రైక మీదనే చీకుతూ వచ్చింది.

పెరట్లో వెనక దుప్పటి కట్టారు. ముందు మఖ్మలు కుర్చీ, దానికెదురుగా మూడు కాళ్ళ మీద ఫోటో డబ్బా. పట్నం నుంచి వచ్చిన సాయిబు ముసలివాడు, తెల్లగడ్డం. బొమ్మ పడే అద్దాల పెట్టె ముట్టుకొని, “నాలుగే ఉన్నయి. గీ లడాయిల కొత్తయి దొరుకుతలెవ్వు. జాగ్రత్తగ తీసుకోవాలె,” అని మొదటే చెప్పాడు. వకీలు జరీ తలపాగా చుట్టుకొని వచ్చాడు. ఆయన ఫోటో ఎవరూ తియ్యడం లేదు. అయినా చుట్టుకొచ్చాడు.

అమృతమ్మ సైదమ్మను చూసి నెత్తి కొట్టుకుంది.

“ఇదేం ముస్తాబే! పెండ్లికి తెచ్చినవా? నేను రోగం పిల్లను తెమ్మంటే!”

తడిగుడ్డ తెప్పించి తానే తుడిచింది. ముట్టుకోవాల్సి వచ్చిందన్న అసహ్యం వేళ్ళ కొసల్లో తెలుస్తున్నది. కాటుక తుడిచింది, బుగ్గచుక్క తుడిచింది, నూనె తుడిచింది. ఎర్ర అంగీ విప్పి బావి గట్టు వైపు విసిరింది. మువ్వలు ఊడదీసింది. జుట్టు చెరిపింది. బిక్షమ్మ తెల్లవారుజాము నుంచి చేసిందంతా రెండు నిమిషాల్లో పోయింది. చివరికి ఎముకలు లెక్కపెట్టగలిగినట్టున్న పిల్ల ఒంటి మీద మొలతాడు ఒకటే మిగిలింది.

“ఆ! గిప్పుడు సరిగ్గుంది,” అన్నాడు మల్లప్ప.

“బాబుకు ఇంక పాలు తాపలేదు,” అన్నది జానమ్మ.

“ముందు ఏడ్చే బొమ్మ కానియ్యి. బాబు ఫోటో ముంగట తాపితె కడుపు నిండి నవ్వుతడు,” అన్నది అమృతమ్మ.

సైదమ్మను కుర్చీలో కూర్చోబెట్టారు. పుట్టి బుద్ధెరిగాక అంత మెత్తని చోటు ఆ పిల్ల ఎరగదు. రెండు చేతులతో మఖ్మలును తట్టి చూసింది. ఎదురుగా గడ్డం మనిషి నల్లగుడ్డలో తల దూర్చాడు. మళ్ళీ తీశాడు. సైదమ్మ కళ్ళు పెద్దవి చేసింది. ఆయన మళ్ళీ దూర్చి మళ్ళీ తీశాడు. ఇంత గొప్ప ఆట ఆ పిల్లతో ఇప్పటిదాకా ఎవరూ ఆడలేదు. నోరంతా తెరిచి, కింద మొలిచిన రెండు పండ్లూ కనబడేట్టు పకపకా నవ్వింది. ఆ నవ్వుకు సాయిబు కూడా గుడ్డలోపల నవ్వినట్టు గుడ్డ కదిలింది.

“నవ్వుతాందేంది?” అన్నాడు వకీలు.

“ఆగుండ్రి, ఏడుస్తది. ఎప్పటికి ఏడ్చేదే అది,” అన్నది అమృతమ్మ.

ఆగారు. సైదమ్మ ఏడవలేదు. మల్లప్ప కళ్ళెర్రజేసి చూస్తే అతన్ని చూసి నవ్వింది. వకీలు ‘ఏయ్!’ అని గద్దిస్తే ఆయన తలపాగా చూసి ఇంకా నవ్వింది. కింది కోర్టు, పై కోర్టు కూడా ఆయన గద్దింపును అంత తేలిగ్గా తీసేసి ఉండవు.

“ఎండ జరుగుతాంది సాబ్,” అన్నాడు సాయిబు గుడ్డలోంచి బయటికొచ్చి. “పిల్ల సక్కగ నవ్వుతాంది. నవ్వే తీస్తనా?”

“నవ్వే బొమ్మకు పిల్లడు వేరే ఉన్నడు గదయ్యా!” అన్నాడు మల్లప్ప.

అమృతమ్మ కుర్చీ పక్కకు వచ్చింది. పిల్లను సర్దుతున్నట్టు వంగింది. ఆమె చెయ్యి సైదమ్మ తొడ కిందికి పోవడం జానమ్మ చూసింది. ఆ రెండు వేళ్ళు కలవడం, మెలితిరగడం కూడా చూసింది. సైదమ్మ నవ్వుతున్న నోరు అట్లాగే తెరుచుకొని ఉండిపోయింది. లోకంలో ఇట్లాంటిది కూడా ఒకటి ఉందా అన్నట్టు ఒక్క క్షణం అమృతమ్మ ముఖంలోకి చూసింది. ఆ తర్వాత ఊపిరి అందక ముఖమంతా నల్లబడేట్టు గుక్కపట్టింది.

“తియ్యి తియ్యి!” మల్లప్ప కేకేశాడు.

సాయిబు మూత తీశాడు, పెట్టాడు. తల అడ్డంగా ఊపాడు. “కదిలింది. పాడైంది. ఇగ మూడే ఉన్నయి.”

“మళ్ళ తియ్యి,” అన్నది అమృతమ్మ. “ఏడ్పు ఆపకముందే తియ్యి.” మళ్ళీ వంగింది.

అప్పటికి జానమ్మ కుర్చీ దగ్గరికి వచ్చి ఉంది. దొర్సాని మణికట్టును చేత్తో పక్కకు తోసింది. ఆ ఇంట్లో చేరిన ఇన్ని నెలల్లో దొర్సానిని తాకడం అదే మొదలు.

“నా బిడ్డను గిల్లకు,” అన్నది. గిల్లకుండ్రి అనలేదు. గిల్లకు అన్నది.

సైదమ్మను ఎత్తుకొని, ఎవరివైపూ చూడకుండా నడిచి, బావి గట్టు మీది ఎర్ర అంగీ తీసుకొని, వసారా మెట్ల మీద కూర్చుంది. వకీళ్ళూ మున్సిఫులూ ఎక్కి దిగే మెట్లు అవి. అక్కడ రైక ముడి విప్పి బిడ్డకు రొమ్మిచ్చింది. గుక్క తిప్పుకోలేక పిల్ల రెండు మూడుసార్లు వదిలేసి, ఎక్కిళ్ళు పెట్టి, మళ్ళీ పట్టుకున్నది. తొడ మీద కందిపోయిన చోట జానమ్మ బొటనవేలుతో మెల్లగా రాస్తున్నది. ఉదయం నుంచి నిలిచిన పాలు చేపుకొచ్చి పిల్ల పెదవుల సందునుంచి కారాయి.

“ఏందే గిది?” అమృతమ్మ మెట్ల దగ్గరికి ఉరికింది. “బాబుకుండాలె ఆ పాలు! ఆకలి మీదున్నడు వాడు!”

“నా బిడ్డ మూడొద్దులసంది ఆకలి మీదున్నది.”

“ఒక్క దిక్కన్న బాబుకియ్యి. ఫోటో అయిపోవాలె.”

“రెండు దిక్కుల సైదమ్మ తాగుతది.”

వకీలు గొంతు సవరించుకున్నాడు. “జానమ్మా, ఇది పద్ధతి కాదు. మేము నిన్ను—” అని మొదలుపెట్టి, మెట్ల మీద రొమ్ము తెరిచి కూర్చున్న ఆడదానితో కన్ను కలిపి మాట్లాడలేక జామచెట్టుతో మాట్లాడి, మధ్యలో ఆపేశాడు.

లోపలినుంచి పిల్లవాణ్ణి తెచ్చారు. నెత్తిన జరీ టోపీ, పట్టు అంగీ, మెడలో పులిగోరు. కుర్చీలో కూర్చోబెట్టగానే వాడి కళ్ళు మెట్ల మీద జానమ్మను వెతికి పట్టుకున్నాయి. తాను తాగాల్సిన చోట ఇంకెవరిదో తల కనిపించింది. వాడు రాగం తీశాడు. అమృతమ్మ ఎదురుగా పోయి, అందరూ చూస్తుండగా, నేర్చుకున్న విద్యంతా బయటపెట్టింది. నాలుక అంగిట్లో కొట్టింది. ‘థ్థు, థ్థు’ అని వచ్చింది. తల్లి తన మీద ఉమ్మేస్తున్నదనుకున్నాడో ఏమో, పిల్లవాడు ఇల్లు ఎగిరిపోయేట్టు బోరుమన్నాడు. బుగ్గలు ఎర్రగా ఉబ్బాయి, ముక్కు కారింది, కన్నీళ్ళు గదుమ మీంచి జారాయి. నోరు మొత్తం పెరడంత తెరుచుకున్నది.

మల్లప్ప ఆ ముఖం వైపు తేరిపార చూశాడు. వంగి సాయిబు చెవిలో ఏదో అన్నాడు. సాయిబు గుడ్డలో దూరి, మూత తీసి పెట్టాడు.

“వచ్చింది,” అన్నాడు బయటికొచ్చి. “మంచిగొచ్చింది.”

“ఏం వచ్చింది?” అన్నది అమృతమ్మ.

“ఏడ్చే బొమ్మ, అమ్మగారూ,” అన్నాడు మల్లప్ప అద్దం పెట్టెలో పెట్టించుకుంటూ. “పట్నంల సుత గిసొంటి ఏడ్పు దొరకదు. బక్కపిల్ల ఏడిస్తే ఎవలు చూస్తరు? దొరల పిల్లడు ఏడిస్తే చూసినోళ్ళకు అయ్యో అనిపిస్తది.”

“నా కొడుకుది నవ్వే బొమ్మ!”

“నవ్వే పిల్లను ఇంకోకాడ చూసుకుంట. నాకింక రెండు ఊర్లున్నయి.”

అమృతమ్మ మొగుడివైపు తిరిగింది. ఆయన మూడు తాలూకాల్లో పేరున్న వకీలు, కాగితాల్లో ఒక్క మాట తేడా వస్తే చీల్చి చెండాడేవాడు. ఇప్పుడు చీల్చి చెండాడతాడని చూసింది. నర్సింగరావు తలపాగా సర్దుకొని, కొంచెం ఆలోచించి, మల్లప్పను అడిగాడు:

“కింద పేరు వేస్తరా?”

“మీ పేరు, హోదా, ఊరు, అన్నీ పెద్దక్షరాల.”

“అయితే ఫరవాలేదు,” అన్నాడు వకీలు.

మెట్ల మీద సైదమ్మ రెండో రొమ్ము కూడా ఖాళీ చేసి, సోలిపోయి, నోటి చివర పాలచుక్కతో నిద్రపోయింది. జానమ్మ ఎర్ర అంగీ దులిపి బిడ్డకు తొడిగింది. మూడు రోజులుగా ఒంటి మీదున్న ఇంటివాళ్ళ చీర విప్పి బావి గట్టు మీద మడతపెట్టి, తన చీర కట్టుకొని, వెనక తలుపు కాకుండా ముందు తలుపు గుండా బయటికి నడిచింది. ఆపడానికి ఎవరికీ తోచలేదు. పిల్లవాడి ఏడుపు వీధి మలుపు దాకా వినిపించింది. అక్కడ మాత్రం జానమ్మ ఒకసారి ఆగింది. వాడు చేసిన తప్పేమీ లేదు. ఆ సంగతి ఆమె కాళ్ళకు తెలుసు. కాని ఆగిన కాళ్ళు వెనక్కి తిరగలేదు.

“దిగిందా ఫోటో?” గుడిసె ముందే బిక్షమ్మ ఎదురొచ్చింది.

“దిగలే.”

“ఎందుకు?”

“నవ్విందత్తా.”

“నవ్వితే మంచిదేనాయె!” ముసలమ్మకు ఎంతకూ అర్థం కాలేదు. పిల్లను అందుకోబోయి తొడ మీద మచ్చ చూసింది. వేలుతో తాకింది. పసుపు నూరుకు రావడానికి లోపలికి పోయింది.

మర్నాడు పొద్దున్నే కిష్టయ్య వచ్చాడు. దొర్సాని రమ్మంటున్నదన్నాడు. జానమ్మ రానన్నది. కంచెలోంచి మందను తోలేస్తారన్నాడు.

“తోలుమను. రాత్రిళ్ళు మా మంద పండకపోతే మీ దొర చెలకలకు ఎరువెవలు పోస్తరో అడుగు. గీ ఎండకాలం గొర్రెలు నిలబడ్డ చోటనే గద వచ్చే వానకాలం ఆయనకు పంట.”

కిష్టయ్య ఈ మాట మోసుకొని పోయాడు. సాయంత్రం మళ్ళీ వచ్చాడు, ఈసారి గొంతు తగ్గించి. పిల్లవాడికి ఆవుపాలు పట్టారు, తాగలేదు. మేకపాలు పట్టారు, ఊశాడు. ఇంకో బాలింతను పిలిపించారు, ఆమె ముఖం చూసి గుక్కపట్టాడు. ఇక చివరికి బల్ల మీదున్న శిశుమోహనం సీసా లక్క పగలగొట్టి రెండు చెంచాలు పోశారట.

“తాగిండా?” బిక్షమ్మ అడిగింది.

“తాగిండు. తాగి వకీలు దొర కోటు మీద మొత్తం కక్కిండు,” అన్నాడు కిష్టయ్య. ముఖం గంభీరంగా పెట్టుకోవడానికి చాలా అవస్థ పడ్డాడు.

ఆ రెండు రోజులూ జానమ్మకు పాలు చేపు వచ్చినప్పుడల్లా, సైదమ్మ ఒకవైపు తాగుతుంటే రెండోవైపు రైక తడిసిపోయేది. అప్పుడు వకీలు కొడుకు నోరు గుర్తొచ్చేది. ‘నీకు గట్ల కావాల్సిందే’ అని వాడి తల్లిని తిట్టుకోవడం తేలికగా ఉండేది. వాణ్ణి తలుచుకోవడం తేలికగా ఉండేది కాదు.

మూడోనాడు పొద్దు బారెడెక్కే వేళకు గొల్లవాడలోకి కచ్చురం బండి వచ్చింది. ముందూ వెనకా పరదాలు కట్టి ఉన్నాయి. వాడలో పిల్లలంతా దాని వెంట పరుగెత్తుకొచ్చారు. జానమ్మ గుడిసె ముందు బండి ఆగింది. పరదా తొలగింది. అమృతమ్మ మడమలు కనబడకుండా దిగాలని చూసింది గాని చంకలో పిల్లవాడుండటంతో తూలి, బండి చక్రం పట్టుకొని, గొర్రెపెంటలో కాలు పెట్టింది. పిల్లవాణ్ణి అంత దూరం ఎత్తుకోవడం ఆమెకు అలవాటు లేదు. నడుము ఒక పక్కకు వంగిపోయింది.

గుడిసె ముందు బండ మీద జానమ్మ సైదమ్మకు పాలిస్తున్నది. లేవలేదు.

పిల్లవాడు ఆమెను చూడగానే రెండు చేతులూ చాచి ముందుకు దూకాడు. పడిపోకుండా తల్లి గట్టిగా పట్టుకున్నది. బుగ్గలు దిగిపోయాయి. జరీ టోపీ లేదు. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది.

“తీసుకోవే,” అన్నది అమృతమ్మ.

“జర ఆగు. నా బిడ్డ తాగుతాంది.”

అమృతమ్మ చుట్టూ చూసింది. వాడలోని ఆడవాళ్ళంతా తమ తమ గుమ్మాల్లో నిలబడి ఉన్నారు. ఎవరూ దగ్గరికి రాలేదు, ఎవరూ లోపలికి పోలేదు. బిక్షమ్మ పీట తెచ్చి వేసింది. అమృతమ్మ దాన్ని చూసి నిలబడే ఉంది. సైదమ్మ తీరుబడిగా తాగుతున్నది. మధ్యలో వదిలేసి, కొత్తగా వచ్చిన మనిషి వైపు చూసింది. గుర్తుపట్టింది కాబోలు, తల్లి కొంగు కిందికి తల దూర్చుకొన్నది. పిల్లవాడు ఒళ్ళు విరుస్తూ కాళ్ళతో తల్లి కడుపులో తన్నుతున్నాడు. కాసేపు ఈ చంక, కాసేపు ఆ చంక మార్చి, చివరికి అమృతమ్మ పీట మీద కూర్చుంది.

“రోజూ కచ్చురం పంపుత, వస్తవా?” అన్నది నేల చూస్తూ. “నెత్తిన నీళ్ళు పోసుకునేది వద్దు. నీ పిల్లను సుత తెచ్చుకో.”

“నేను రాను.”

“మరి బాబు?”

“గీడికి తేండ్రి. పొద్దుగాల ఒకసారి, పొద్దుమూకంగ ఒకసారి. సైదమ్మ తాగినంక ఇస్త. వాడు తిండికి అలవాటయ్యేదాక.”

“నేను దినాం గొల్లవాడకు రావాల్నా?”

“నువ్వే రావాల్నని ఏం లేదు,” అన్నది జానమ్మ. “పిలగాడొస్తే చాలు.”

సైదమ్మ కడుపు నిండి, త్రేన్చి, అవ్వ చేతుల్లోకి పోయింది. జానమ్మ రొమ్ము కొంగుతో తుడుచుకొని చేతులు చాచింది. పిల్లవాడు తల్లి ఒళ్ళోంచి జారిపోయినట్టు ఆమె మీదికి వచ్చాడు. ఆమె ఏ చప్పుడూ చెయ్యలేదు, వాడు నవ్వనూ లేదు. రెండు పిడికిళ్ళతో రైక పట్టుకొని, కళ్ళు మూసుకొని, ముక్కుతో బుసకొడుతూ గుటకలు వేశాడు. వీపు మీద జానమ్మ చెయ్యి ఆనింది. మూడు రోజుల్లో ఎముక చేతికి తగులుతున్నది.

వాడు పాలు తాగేటప్పుడు ఎట్లా ఉంటాడో అమృతమ్మ ఇంత దగ్గర నుంచి ఎప్పుడూ చూసి ఉండలేదు. కండ్లార్పకుండా చూసింది. ఒకసారి చెయ్యి చాచి వాడి పాదం పట్టుకోబోయి, ఎవరైనా చూస్తున్నారేమోనని వెనక్కి తీసుకున్నది.

ఎండ ఎక్కింది. ఎద్దులు మెడలు విదిలించాయి. బండి తోలే మనిషి వచ్చి దూరం నుంచే అడిగాడు.

“కచ్చురం ఇంటికి మళ్ళియ్యాల్నా దొర్సాని?”

“ఆగు,” అన్నది అమృతమ్మ, గొంతు తగ్గించి. “ఇంక తాగుతాండు.”